తెరపై కదలికకు వేగరేఖలు

నిలిచియున్న బస్సు ఒక్కసారిగా ముందుకు దూకినచో, అందులో నిలుచున్నవారు వెనుకకు తూలుదురు. నేర్పుగల డ్రైవరు మెల్లగా బయలుదేరి, క్రమముగా వేగము పెంచి, దిగవలసిన చోటు సమీపించగనే వేగము తగ్గించును. బరువుగల ఏ వస్తువైనను కదలక యున్న స్థితినుండి పూర్తి వేగమును ఒక్క క్షణములో అందుకొనజాలదు. పుట్టినది మొదలు మన కన్ను ఈ ధర్మమునకు అలవాటుపడి యున్నది.

కంప్యూటరు తెరపైని బొమ్మకు బరువు లేదు. అది తొలిక్షణముననే పూర్తి వేగముతో బయలుదేరి, చివర ఠక్కున ఆగగలదు. కాని చూచువారికి ఆ కదలిక బిగుసుకొన్నట్లు తోచును. బొమ్మల చలనచిత్రములు గీయువారు దీనిని ఏనాడో గుర్తించిరి. డిస్నీ చిత్రకారులు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో ప్రకటించిన గ్రంథమునందలి 12 సూత్రములలో ఇదియు ఒకటి. కదలిక రెండు కొసలయందు బొమ్మలు దగ్గర దగ్గరగను, నడుమ దూరదూరముగను గీయవలెనని దాని సారాంశము.

కంప్యూటరునకు ఈ నేర్పు సూత్రరూపమున చెప్పవలెను. మొత్తము కాలమును 0 నుండి 1 వరకు, నడచిన దూరమును కూడ 0 నుండి 1 వరకు కొలుతము. ఒక బొమ్మ సెకనులో 320 చుక్కల దూరము పోవలెననుకొందము. సమవేగమైనచో పావు సెకనుకు 80, అర సెకనుకు 160, ముప్పావు సెకనుకు 240 చుక్కలు నడచును. కాలవర్గమునకు మూడు రెట్లనుండి కాలఘనమునకు రెండు రెట్లు తీసివేయగా వచ్చు విలువను దూరముగా గ్రహించినచో, ఆ లెక్కలు వరుసగా 50, 160, 270 అగును. తొలి పావులో 50 చుక్కలు, రెండవ పావులో 110, మూడవ దానిలో 110, తుదిపావులో మరల 50. మన డ్రైవరు నడిపిన తీరు ఇదియే!

ఇట్టి సూత్రములను పెక్కింటిని 2001లో రాబర్ట్ పెన్నర్ ఒకచోట కూర్చెను. వెబ్ పుటల రచనయందు వేరొక పద్ధతి కూడ కలదు. అందు రెండు నియంత్రణ బిందువులను జరుపుచు వక్రరేఖను మలచుదురు. ఈ రేఖలు ఫ్రాన్సు దేశపు కార్ల కర్మాగారములలో పుట్టినవి. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, రెనోలో పియెర్ బెజియె కారు వంపులను గణితమునకు లొంగదీయుటకై వీటిని రూపొందించిరి. ఇక్కడ ఒక నియమము గమనింపదగినది: ఆ బిందువుల కాలవిలువలు 0కు, 1కి మధ్యనే యుండవలెను, లేనిచో కాలము వెనుకకు నడువవచ్చును. దూరపు విలువలకు ఈ కట్టుబాటు లేదు. కనుకనే బొమ్మ గమ్యమును కొంచెము దాటి తిరిగి రాగలదు.

సాఫ్ట్‌వేరు ఫ్రేమ్‌వర్కులో ఇట్టి రేఖను చేర్చుట కష్టము కాదు. 0కి 0, 1కి 1 వచ్చుచున్నదా యని చూచిన మొదటి పరీక్ష ముగియును. దానిని ఇతరులకు తెలుపుటయే కష్టము. వెబ్ రచనలో ‘ఈజ్ ఇన్’ అనగా మెల్లగా మొదలగుట. చిత్రకారుల వాడుకలో ‘స్లో ఇన్’ అనగా మెల్లగా వచ్చి నిలుచుట. పేర్లు దగ్గర, అర్థములు విపరీతము! పేరు మాత్రమే చదివి రేఖను ఎన్నుకొన్నవాడు పొరబడక మానడు.

ఈత పుస్తకము చదివి నేర్చునది కాదుగదా. అందుచే వివరణ పుటయందే రేఖను, దానిననుసరించి కదలు బంతిని ఉంచవలెను. పాఠకుడు బిందువును వేలితో జరుపగనే బంతి నడక మారవలెను. ఫ్లటర్ అను ఫ్రేమ్‌వర్కు వివరణలలో రేఖలకు కదలు బొమ్మలు జతపరచిరి. క్రోమ్ బ్రౌజరు పనిముట్లలో రేఖను చేతితో వంచి చూడవచ్చును. ప్రదర్శనలోని బంతిని ఫ్రేమ్‌వర్కులోని అసలు సూత్రమే నడిపినచో మరియొక లాభము కలదు: సూత్రములో తప్పు దొర్లిన, బంతి నడకలోనే అది బయటపడును.

ఒక్క హెచ్చరిక. లోచెవిలోని సమతౌల్య వ్యవస్థ దెబ్బతిన్న కొందరికి తెరపై పెద్ద కదలికలు తలత్రిప్పును, వికారమును కలిగించును. అట్టివారికై కదలికను తగ్గింపుమని కోరు మీట నేటి ఫోనులలోను, కంప్యూటర్లలోను కలదు. ఆ కోరికను మన్నించు విధము కూడ ఆ వివరణ పుటలోనే చూపవలెను. ప్రయాణికులను తూలనీయని వాడే గదా మంచి డ్రైవరు!