వారంటీలో ఉన్న ఎలక్ట్రిక్ కారు... సర్వీసు ఎక్కడ?

ఎలక్ట్రిక్ కారులో అన్నిటికంటే ఖరీదైన భాగం బ్యాటరీ. అందుకే మిగతా కారుకు సాధారణంగా మూడేళ్ల వారంటీ ఇచ్చే కంపెనీలు బ్యాటరీకీ మోటారుకూ అంతకంటే ఎక్కువే ఇస్తున్నాయి. 2020 జనవరిలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీకి ఆ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. 2024 నవంబరులో బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ కార్లను తెచ్చిన మహీంద్రా, సొంతానికి కొన్న మొదటి యజమానికి బ్యాటరీపై జీవితకాల వారంటీ ప్రకటించింది. లక్షల విలువైన ఈ హామీ నిలవాలంటే కారును కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లాలా, ఊళ్లో మెకానిక్‌తో చేయించినా సరిపోతుందా అన్నది ప్రతి కొత్త యజమానికీ ఎదురయ్యే ప్రశ్న.

దూరం తెచ్చిన చిక్కు

2024 నవంబరు 16న తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజుల నుంచి పూర్తి మినహాయింపు ఇస్తూ ఉత్తర్వు విడుదల చేసింది. 2026 డిసెంబరు 31 దాకా ఆ వెసులుబాటు ఉంటుందని చెప్పింది. కొనడం తేలికైంది. బాగు చేయించుకోవడం మాత్రం ఉన్న ఊరిని బట్టి ఉంటుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడి జిల్లా కేంద్రాలయ్యాయి. అయినా కారుకు పెద్ద పని పడితే ఇక్కడివాళ్లు మహబూబ్‌నగర్ వైపో, హైదరాబాద్ వైపో చూస్తారు. గద్వాల వారికి కర్నూలు దగ్గర, సుమారు 60 కిలోమీటర్లు. అదే హైదరాబాద్ అయితే 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 190 కిలోమీటర్లు, రానూపోనూ 380. 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీతో వచ్చిన తొలి నెక్సాన్ ఈవీకి పరీక్షల్లో తేలిన రేంజి 312 కిలోమీటర్లు, రోడ్డు మీద అంతకంటే తక్కువే. అంటే సర్వీసు కోసం వెళ్లిరావడానికే దారిలో ఛార్జింగ్ పెట్టుకోవాలి, ఒక రోజు పని మానుకోవాలి. బస్టాండు దగ్గరి షెడ్డులో గంటలో తెమిలే పనికి ఇంత దూరం ఎందుకన్న ఆలోచన రావడం సహజం. అయితే ఏ పని అన్నదాన్ని బట్టి దీనికి జవాబు మారుతుంది.

ఈవీ సర్వీసులో ఉండేది ఇదీ

ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్ ప్లేట్లు ఈవీలో ఉండవు. బ్రేకు తొక్కకముందే మోటారు బండి వేగాన్ని తగ్గిస్తూ బ్యాటరీకి ఛార్జి పంపుతుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు కూడా నిదానంగా అరుగుతాయి. ఏసీ ఫిల్టర్, బ్రేక్ ఆయిల్, టైర్లు, వీల్ అలైన్‌మెంట్, సస్పెన్షన్ బుష్‌లు, వైపర్లు, 12 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్రోలు కారులో ఉన్నట్టే ఉంటాయి. వీటికి తోడు ఈవీకే ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి. బ్యాటరీ కూలెంట్, గేర్‌బాక్స్ ఆయిల్, బండి అడుగున ఉన్న బ్యాటరీ పెట్టె, కేబుళ్ల తనిఖీ, ఇన్సులేషన్ పరీక్ష, బ్యాటరీ ఆరోగ్య నివేదిక, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఈ కోవలోకి వస్తాయి. చివరి రెండూ కంపెనీ కంప్యూటర్ లేకుండా జరిగే పనులు కావు.

బయటి చేయి పడకూడని చోట్లు

కారును నడిపే బ్యాటరీ సాధారణంగా 300 వోల్టులకు పైబడిన డీసీ కరెంటు ఇస్తుంది. 60 వోల్టులు దాటిన డీసీనే ప్రమాదకరంగా లెక్కిస్తారు. నారింజ రంగు కేబుల్ కనిపించిందంటే అది హైవోల్టేజి లైను. ఆ లైనును బ్యాటరీ నుంచి విడదీసే సర్వీస్ ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో ఛార్జి దిగేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. వెయ్యి వోల్టులకు తట్టుకునే గ్లౌజులు వేసుకుని, మీటరు సున్నా చూపాకే చేయి పెట్టాలి. ఆ శిక్షణ లేని మెకానిక్‌తో ఈ పని చేయించడమంటే వారంటీ సంగతి అటుంచి అతని ప్రాణాన్నే పణంగా పెట్టడం.

పైకి మామూలుగా కనిపించే పనుల్లోనూ ప్రమాదం ఉంది. ఏసీ గ్యాస్ అందుకు మంచి ఉదాహరణ. పెట్రోలు కారులో ఏసీ కంప్రెసర్‌ను ఇంజిన్ బెల్టు తిప్పుతుంది. అందులో సాధారణంగా పీఏజీ రకం ఆయిల్ వాడతారు. ఈవీలో కంప్రెసర్ హైవోల్టేజి కరెంటుతోనే తిరుగుతుంది, దాని మోటారు చుట్టలు గ్యాసులోనూ ఆయిల్‌లోనూ తడుస్తూ ఉంటాయి. అందుకే కరెంటును బాగా అడ్డుకునే పీఓఈ ఆయిల్ వాడతారు. పెట్రోలు కార్లకు వాడిన మిషన్‌తోనే గ్యాస్ నింపితే పైపుల్లో మిగిలిన పీఏజీ ఆయిల్ కొద్దిగా చేరినా ఇన్సులేషన్ పడిపోవచ్చు. అప్పుడు కారు లోపం చూపించి కదలకుండా నిలబడిపోవచ్చు. నలభై డిగ్రీలు దాటే పాలమూరు (మహబూబ్‌నగర్ ప్రాంతం) ఎండల్లో ఏసీ చల్లదనం తగ్గగానే దగ్గరి షాపుకు పోవాలనిపిస్తుంది. ఈవీ విషయంలో అది చేయకూడని పని.

కూలెంట్ సంగతీ అంతే. తగ్గిందని బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాలు సన్నని గొట్టాల్లో పేరుకుంటాయి. కరెంటు ప్రవహించే గుణమూ పెరుగుతుంది. కంపెనీ చెప్పిన రకం తప్ప మరొకటి కలపకూడదు. పెద్ద హారన్, అదనపు లైట్లు, మ్యూజిక్ సిస్టమ్ కోసం వైర్లు కోసి అతికించడం కూడా వారంటీ వివాదాలకు తరచూ కారణమవుతుంది.

చట్టం వైపు నుంచి

బయట సర్వీసు చేయిస్తే వారంటీ మొత్తం పోతుందన్న మాట చాలామంది నమ్ముతారు. శంషేర్ కటారియా అనే వినియోగదారు ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వు దీనికి భిన్నంగా ఉంది. విడిభాగాలూ మరమ్మతు సమాచారమూ బయటి మెకానిక్‌లకు అందనివ్వలేదంటూ 14 కార్ల కంపెనీలకు రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట పని చేయించినంత మాత్రాన వారంటీ రద్దన్న గంపగుత్త షరతు పెట్టరాదనీ, బయటి పని లోపం వల్ల నష్టం జరిగిన మేరకే వారంటీని నిరాకరించవచ్చనీ చెప్పింది. కొన్ని కంపెనీల అప్పీళ్లపై 2016 డిసెంబరులో అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానా తగ్గించినా తప్పు జరిగిందన్న నిర్ణయాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత వివాదం పైకోర్టుకు చేరింది. అమెరికాలోనూ 1975 నాటి మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం ఇలాంటి రక్షణే ఇస్తోంది.

సూత్రం వినియోగదారు వైపే ఉన్నా, నిరూపించుకునే శ్రమ కూడా చాలాసార్లు అతని మీదే పడుతుంది. బ్యాటరీ వారంటీ పత్రాల్లో నిర్ణీత గడువుల్లో అధీకృత కేంద్రంలోనే సర్వీసు జరగాలన్న షరతు తరచూ ఉంటుంది. కొన్న రోజునే ఆ పత్రాన్ని చివరి పంక్తి దాకా చదవాలి. బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారో, ట్యాక్సీగా నడిపితే, కారు చేతులు మారితే వారంటీ ఏమవుతుందో అందులోనే ఉంటుంది.

ఊళ్లో చేయించుకోదగ్గవి

పంక్చర్, టైర్ల మార్పిడి, వీల్ అలైన్‌మెంట్, వైపర్ బ్లేడ్లు, ఏసీ ఫిల్టర్, డెంటింగ్, పెయింటింగ్ లాంటివి నైపుణ్యం ఉన్న స్థానిక మెకానిక్‌తో చేయించవచ్చు. రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. జాకీని మాన్యువల్‌లో చూపిన చోటే పెట్టాలి. బ్యాటరీ పెట్టె కింద పెడితే అది నొక్కుకుపోతుంది. బానెట్ కింద ప్రెషర్ గన్‌తో నీళ్లు కొట్టించకూడదు. గుంతల రోడ్డులో బండి అడుగు గట్టిగా తగిలితే మాత్రం కంపెనీ వారికే చూపించాలి.

కాగితమే సాక్ష్యం

ప్రతి సర్వీసుకూ జాబ్ కార్డు, బిల్లు తీసుకుని దాచుకోవాలి. చెప్పిన ఫిర్యాదును వాళ్లు కార్డులో రాశారో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టాలి. బయట చేయించిన పనికి కూడా తేదీ, కిలోమీటర్ల రీడింగు, వాడిన భాగం పేరుతో బిల్లు ఉండాలి. ఏటా బ్యాటరీ ఆరోగ్య నివేదిక అడిగి తీసుకోవాలి. కంపెనీ వారంటీ ఊరిని బట్టి మారదు కాబట్టి గద్వాల యజమాని కర్నూలు కేంద్రానికి వెళ్లినా చెల్లుతుంది. హైవోల్టేజి పని చేసే సిబ్బంది అన్ని కేంద్రాల్లోనూ ఉండరు కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇంటికొచ్చి చేసే సర్వీసు ఉందేమో కూడా అడగాలి.

వారంటీ అన్యాయంగా నిరాకరిస్తే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే రెండేళ్లలోగా కేసు వేయవచ్చు. రూ. 50 లక్షల దాకా చెల్లించి కొన్న వస్తువు ఆ కమిషన్ పరిధిలోకి వస్తుంది.

మొత్తం మీద తేలేది ఇది. వారంటీ ఉన్నంతకాలం గడువు ప్రకారం చేయించే సర్వీసు, హైవోల్టేజితోనూ కూలెంట్‌తోనూ ఏసీతోనూ ముడిపడ్డ పని కంపెనీ కేంద్రానికే ఇవ్వాలి. టైర్లు, బాడీ పనులు ఊళ్లో చేయించుకోవచ్చు. దూరం భారం తగ్గాలంటే మాత్రం శిక్షణ పొందిన చేతులు ఇక్కడే తయారవ్వాలి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా బ్యాటరీ గిగాఫ్యాక్టరీకి 2023 మే 6న శంకుస్థాపన జరిగింది. వనపర్తిలో 1959 నుంచి ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. బ్యాటరీ తయారీ పాలమూరు గడ్డకు చేరినప్పుడు దాన్ని బాగుచేసే విద్య కూడా ఇక్కడి పాలిటెక్నిక్‌లకూ ఐటీఐలకూ చేరాలి. ఆ బాధ్యతను కార్ల కంపెనీలూ ప్రభుత్వమూ కలిసి తీసుకోవాలి.