ఇద్దరు కాంట్రాక్టర్లు, ఒక చెరకు మడి, ఒకే పీఎఫ్ నంబరు

జహీరాబాద్‌కు కారఖానా కొలువు ఆల్విన్ నిస్సాన్ వ్యాన్ల నాటిది; ఇవాళ మహీంద్రా ట్రాక్టర్లదాకా వచ్చింది. అయితే ఇక్కడ చాలామంది ఇల్లు ఒక్క జీతంతో నడవదు. కాంట్రాక్టరు కింద షిఫ్టు, తీరిక దొరికితే వెల్డింగో ఆటోనో, ఊళ్లో కాస్త చెరకో అల్లమో ఉంటాయి. కాంట్రాక్టరు మారినప్పుడు గేటు అదే, రికార్డులో యజమాని మాత్రం వేరు. ఇన్ని చేతుల మీదుగా సంపాదించేవారు ముసలితనం కోసం ఏ పథకంలో ఎంతెక్కువ కట్టవచ్చని అడుగుతుంటారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది, ఇప్పటికే కట్టింది తెగకుండా నిలిచిందా లేదా అన్నది.

పీఎఫ్ లెక్కకొచ్చే జీతం 15 వేలనుకుందాం. 2014 సెప్టెంబరులో పరిమితిని ఇంతకు పెంచారు. కార్మికుడి 12 శాతం, అంటే 1,800 రూపాయలు, మొత్తం పీఎఫ్‌లోకే వెళుతుంది. యజమాని కూడా అంతే కడతాడు గానీ అందులో 1,250 పింఛను పథకానికి మళ్లి, పీఎఫ్‌కు 550 మిగులుతుంది. కిటుకంతా ఆ 1,250లో ఉంది. 58 ఏళ్లకు వచ్చే నెల పింఛనంటే చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించడమే; కాకపోతే సర్వీసు పదేళ్లు నిండాలి. ఒక కాంట్రాక్టరు దగ్గర ఆరేళ్లు, మరొకరి దగ్గర ఏడేళ్లు చేసి, మానిన ప్రతిసారీ మొత్తం తీసేసుకుంటే పింఛను సొమ్ము కింద దాదాపు రెండు లక్షలు చేతికొస్తుంది, సర్వీసు సున్నా అవుతుంది. ఎన్ని కొలువులు మారినా ఒకటే ఉండే పీఎఫ్ నంబరు, యూఏఎన్‌ను ఒక్కటే ఉంచి బదిలీ చేయించుకుంటే అదే 13 ఏళ్లకు నెలకు సుమారు 2,785 రూపాయలు, బతికున్నంతకాలం.

ఆ రెండు లక్షలు వేరేచోట పెడితే ఇంతకన్నా ఎక్కువ రాదా? నిజమే, వస్తుంది. ముప్పయ్యో ఏట తీసిన లక్షను 8.25 శాతం చక్రవడ్డీకి 28 ఏళ్లు కదపకుండా ఉంచితే తొమ్మిది లక్షలు దాటుతుంది. ధరలు ఏటా 5 శాతం పెరిగాయనుకున్నా నేటి విలువలో రెండు లక్షల పైచిలుకే. పైగా ఈ పింఛను ధరలతో పాటు పెరగదు. కాబట్టి కాగితం మీద ఆ వాదనే గెలుస్తుంది. కానీ మధ్యలో కొలువు పోయి తీసుకున్న సొమ్ము 28 ఏళ్లు కదలకుండా ఉంటుందా? ఫీజులకో బోరుకో పోతుంది. ఇంకొకటి, సర్వీసులో ఉండగా మనిషి పోతే భార్యకు వచ్చే పింఛనుకు పదేళ్ల షరతు లేదు. ఆ రక్షణను చక్రవడ్డీ ఇవ్వదు. డబ్బు తప్పనిసరైతే పీఎఫ్ తీసుకుని, పింఛను వైపు స్కీమ్ సర్టిఫికెట్ రాయించుకోవచ్చు. అలా చేస్తే సర్వీసు నిలుస్తుంది. ఇక జీతంలో కోసిన సొమ్మును కాంట్రాక్టరు అసలు జమచేశాడా అన్నది పాస్‌బుక్ చూస్తేనే తేలుతుంది. చేయకపోతే బాధ్యత పని చేయించుకున్న అసలు కంపెనీది కూడా.

సొంత పని, పంట ఆదాయాల మీద యజమాని వాటా ఏమీ రాదు. దానికి పీపీఎఫ్ తేలిక దారి. కాకపోతే ఎన్ని ఆదాయాలున్నా పరిమితి మనిషికి ఒక్కటే, ఏడాదికి లక్షన్నర. పీపీఎఫ్‌లో వడ్డీ ప్రతినెలా 5వ తేదీ తర్వాత ఉన్న కనిష్ఠ నిల్వ మీద కడతారు. లక్షన్నరను మార్చి చివర కాక అంతకుముందు ఏప్రిల్ 5లోపే వేస్తే, 7.1 శాతం చొప్పున ఆ ఏడాదికే 10,650 రూపాయల తేడా. చెరకు బిల్లు ఎప్పుడొస్తుందో రైతు చేతిలో లేదు గానీ, వచ్చాక తొలి 5వ తేదీ దాటకుండా వేయడం ఉంది.

2009 నుంచి అందరికీ తెరిచిన జాతీయ పింఛను వ్యవస్థ ఎన్‌పీఎస్‌ను మాత్రం పన్ను మినహాయింపు చూపి అమ్ముతుంటారు. కొత్త పన్ను విధానంలో సొంతంగా కట్టినదానికి ఆ మినహాయింపు లేదు. పైగా ఈ స్థాయి ఆదాయానికి కట్టాల్సిన పన్నే ఉండదు. షేర్లలో కొంత వాటా కావాలనుకునేవారికి, సొమ్ము చాలాకాలం చేతికి రాకపోయినా ఫర్వాలేదనుకునేవారికి అది సరిపోతుంది. మిగతావారు ఆ డబ్బు పీపీఎఫ్‌లో వేసుకోవడమే మేలు.