రుచి చూడని తీర్పరులు

పాట బాగున్నదో లేదో చెవి చెబుతుంది. చిత్రం బాగున్నదో లేదో కన్ను చెబుతుంది. వంటకం సంగతి చెప్పవలసింది నాలుక. ఇది అనాదిగా అందరూ అంగీకరించిన విషయం. అయితే టెలివిజన్ ఇంటింటికీ చేరిన తరువాత ఈ నియమానికి ఒక వింత మినహాయింపు ఏర్పడింది. ఎక్కడో, ఎప్పుడో, ఎవరో చేసిన వంటకాన్ని లక్షలాది మంది తమ ఇళ్లలో కూర్చుని చూస్తున్నారు. దాని వాసన కూడా సోకకుండానే అది బాగుందనో, బాగాలేదనో తీర్పు చెబుతున్నారు. ఆ తీర్పు వంటకంతో ఆగక, చాలాసార్లు వండిన మనిషి దాకా పోతున్నది. ఇందుకు బ్రిటన్ దేశంలో 2010వ సంవత్సరం నుండి ప్రసారమవుతున్న 'ది గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్' అనే పోటీ చక్కని ఉదాహరణ.

పిండిని, వెన్నను, చక్కెరను, గుడ్లను తగిన పాళ్లలో కలిపి, మూసిన ఓవెన్‌లో పొడి వేడిమిపై కాల్చడమే బేకింగ్. తెలుగు వారి వంటలో పొయ్యి మీద ఉడికించడం, వేయించడం, ఆవిరి పట్టడం ప్రధానం కనుక రొట్టెలు, కేకులు, బిస్కట్లు చాలాకాలం పాటు బేకరీలో కొని తెచ్చుకునే వస్తువులుగానే ఉండిపోయాయి. బ్రిటన్‌లో పరిస్థితి వేరు. అక్కడ ఇంట్లో కేకు చేయడం తల్లుల నుండి, అమ్మమ్మల నుండి పిల్లలు నేర్చుకునే విద్య. గ్రామాల్లో జరిగే ఉత్సవాలలో కేకుల పోటీలు పెట్టడం అక్కడి ఆచారం. ఆ వాతావరణాన్నే టెలివిజన్ తెర మీదికి తేవాలన్న ఆలోచన నుండి ఈ కార్యక్రమం పుట్టింది.

పచ్చిక బయలులో తెల్లని గుడారం ఒకటి వేసి, అందులో వరుసగా వంట బల్లలు అమర్చుతారు. పోటీదారులు వృత్తిరీత్యా వంటవారు కారు. విద్యార్థులు, ఉపాధ్యాయులు, గృహిణులు, ఉద్యోగులు, పదవీ విరమణ చేసిన వృద్ధులు ఇందులో పాల్గొంటారు. ప్రతి వారం మూడు పరీక్షలు ఉంటాయి. మొదటి దానిలో పోటీదారు తనకు బాగా అలవాటైన వంటకాన్ని చేసి చూపాలి. రెండవ దానిలో అందరికీ ఒకే వంటకం ఇస్తారు. దాని తయారీ విధానాన్ని అరకొరగా మాత్రమే రాసి ఇస్తారు. మూడవ దానిలో కంటికీ నాలుకకూ కూడా విందు చేసే ఘనమైన వంటకాన్ని తయారు చేయాలి. సాధారణంగా వారానికొకరు నిష్క్రమిస్తారు. చివరకు గెలిచిన వారికి దక్కేది డబ్బు కాదు, ఒక కేకు పళ్లెం, ఒక పూలగుత్తి. ఇంత చిన్న బహుమతి కోసం ఇంత తపన పడే సామాన్యులను చూసి ప్రేక్షకులు ముచ్చటపడ్డారు.

ఈ పోటీలో ప్రేక్షకులకు ఓటు లేదు. ఇదే సంవత్సరం, అంటే 2010లో, తెలుగు యువకుడు శ్రీరామచంద్ర 'ఇండియన్ ఐడల్' పాటల పోటీలో విజేత అయినప్పుడు ప్రేక్షకులు పంపిన ఓట్లు ఫలితాన్ని నిర్ణయించాయి. పాటను ఇంట్లో కూర్చుని వినవచ్చు కనుక అక్కడ ప్రేక్షకుని తీర్పుకు కొంత ఆధారం ఉన్నది. కేకును ఇంట్లో కూర్చుని తినలేరు. అందువల్ల బేక్ ఆఫ్‌లో నిర్ణయాధికారం పూర్తిగా న్యాయనిర్ణేతలదే. అయినప్పటికీ ప్రేక్షకులు మౌనంగా ఉండలేదు. పత్రికలకు లేఖలు రాశారు, ప్రసార సంస్థకు ఫిర్యాదులు పంపారు, సామాజిక మాధ్యమాలలో వాదులాడుకున్నారు.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. రెండవ పరీక్షలో ఏ వంటకం ఎవరు చేశారో న్యాయనిర్ణేతలకు తెలియదు. వారు మనిషిని చూడకుండా రుచిని మాత్రమే చూస్తారు. ప్రేక్షకుని స్థితి దీనికి సరిగ్గా తలకిందులు. అతడు పోటీదారు ముఖాన్ని, కన్నీటిని, తడబాటును, నవ్వును దగ్గరగా చూస్తాడు. రుచి మాత్రం అతనికి అందదు. అందని రుచి స్థానాన్ని అభిమానమో, అయిష్టమో ఆక్రమిస్తుంది. 'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' అన్నది సామెత. ఈ ప్రేక్షకుల విషయంలో జిహ్వకు పని లేక, పుర్రెలోని బుద్ధే రుచిని కూడా నిర్ణయించింది.

2014వ సంవత్సరం ఆగస్టు 27న ప్రసారమైన భాగం ఈ సంగతిని స్పష్టం చేసింది. ఆ వారం చేయవలసిన వంటకం పేరు 'బేక్డ్ అలాస్కా'. స్పాంజి కేకు మీద గట్టిగా గడ్డకట్టిన ఐస్‌క్రీం ఉంచి, దాని చుట్టూ గుడ్డు తెల్లసొన, చక్కెర కలిపి గిలకొట్టిన నురుగును దట్టంగా పూసి, వేడి ఓవెన్‌లో కొద్ది నిమిషాలు కాలుస్తారు. నురుగులోని గాలి బుడగలు వేడిని లోపలికి పోనీయవు. కనుక పైపొర కాలినా లోపలి ఐస్‌క్రీం కరగదు. అయితే ఐస్‌క్రీం ముందుగా బాగా గడ్డకట్టి ఉండాలి. ఆ రోజు గుడారంలో ఉక్కగా ఉన్నది. పైగా పోటీదారులు ఫ్రీజర్లను పంచుకొని వాడుకుంటున్నారు.

ఒక యువకుని ఐస్‌క్రీంను మరొక పోటీదారు ఫ్రీజర్‌లో నుండి బయటకు తీసినట్లు తెర మీద కనిపించింది. ఆమె ఆ బృందంలో వయసులో పెద్దది. కొంతసేపటికి యువకుడు తన ఐస్‌క్రీం మెత్తబడి జారిపోతుండటం చూశాడు. కోపం పట్టలేక మొత్తం వంటకాన్ని చెత్తడబ్బాలో పడవేశాడు. తరువాత ఆ డబ్బానే తెచ్చి న్యాయనిర్ణేతల ముందు ఉంచాడు. రుచి చూడటానికి ఏమీ లేకపోవడంతో అతడు పోటీ నుండి నిష్క్రమించవలసి వచ్చింది.

ప్రేక్షకులలో ఆగ్రహం పెల్లుబికింది. ఆ మహిళ కావాలనే యువకునికి ద్రోహం చేసిందని అనేకులు తీర్మానించారు. బి.బి.సి. సంస్థకు 800కు పైగా ఫిర్యాదులు అందాయి. దినపత్రికలు ఈ కేకు గొడవను ప్రధాన వార్తగా ప్రచురించాయి. ఐస్‌క్రీం ఫ్రీజర్ బయట ఉన్నది ఒక నిమిషం కన్నా తక్కువ సేపేనని, యువకుని నిష్క్రమణకు అది కారణం కాదని సంస్థ వివరించింది. కార్యక్రమ వ్యాఖ్యాత కూడా అది నలభై సెకన్ల వ్యవహారమేనని చెప్పింది. అయినా కన్ను చూసిన దృశ్యం ముందు ఈ మాటలు చాలామందికి రుచించలేదు.

మరుసటి వారం ఆ మహిళ పోటీలో కనిపించలేదు. ప్రజల కోపానికి భయపడి తప్పుకున్నదని కొందరు భావించారు. నిజానికి ఆమె అనారోగ్యం వల్ల పోటీని విడిచిపెట్టింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. కార్యక్రమ చిత్రీకరణ ప్రసారానికి ఎంతో ముందే ముగిసిపోయింది. ప్రేక్షకులకు కోపం వచ్చే నాటికి ఆమె ఎప్పుడో గుడారం విడిచి ఇంటికి చేరింది. ఫలితం ముందు వచ్చి, కారణం తరువాత రావడం అసాధ్యం. ఈ చిన్న తర్కాన్ని కూడా కోపం కప్పివేసింది.

ఇందులో కూర్పు పాత్ర కూడా తక్కువది కాదు. రెండు రోజుల పాటు అనేక కెమెరాలు చిత్రించిన దానిని ఒక గంటకు కుదిస్తారు. ఏ చూపు తరువాత ఏ చూపు రావాలో, ఏ మాట మీద సంగీతం ఆగాలో కూర్పరులే నిర్ణయిస్తారు. తెర మీద కనిపించినది అబద్ధం కాకపోవచ్చు, కాని అదే సర్వస్వం కాదు. పుస్తకం నుండి నాలుగు పుటలు చదివి కథంతా తెలిసిందనుకోవడం ఎటువంటిదో, గంట దృశ్యం చూసి ఒక మనిషి స్వభావం తెలిసిందనుకోవడం అటువంటిదే.

అంతకు ముందు 2013లో తుదిపోటీకి చేరిన ముగ్గురూ స్త్రీలే. వారిలో ఒకరు విశ్వవిద్యాలయంలో చదువుతున్న యువతి. తన వంటకాలను తానే తక్కువ చేసి మాట్లాడటం, ఒత్తిడికి కన్నీరు పెట్టడం ఆమె అలవాటు. ఆమె కన్నీరు నటన అని, అందం చూసి న్యాయనిర్ణేత పక్షపాతం వహిస్తున్నాడని కొందరు నిందించారు. పోటీ ముగిసిన తరువాత ఆమె ఒక దినపత్రికలో వ్యాసం రాసి, ఆ నిందలలోని స్త్రీ ద్వేషాన్ని సూటిగా ప్రశ్నించింది. కేకు పొంగిందా లేదా అన్న చర్చ స్త్రీ శీలాన్ని గూర్చిన చర్చగా ఎట్లా మారిందో ఆమె అనుభవం తెలియజేస్తుంది.

అయితే ప్రేక్షకుల స్పందనలో చీకటి పార్శ్వం ఒక్కటే లేదు. 2015లో విజేతగా నిలిచిన నదియా హుస్సేన్ లూటన్ పట్టణంలో బంగ్లాదేశ్ నుండి వలస వచ్చిన కుటుంబంలో జన్మించింది. ఆమె పుట్టింట్లో ఓవెన్ ఉన్నా అందులో మూకుళ్లు, పెనాలు దాచుకునేవారే గాని కేకులు కాల్చేవారు కారు. ఆమె బడిలో బేకింగ్ నేర్చుకున్నది. పోటీలో ఆమె తలపై వస్త్రం ధరించి పాల్గొన్నది. ఆమె మతాన్ని ఎత్తి చూపుతూ వెలువడిన వ్యాఖ్యలు లేకపోలేదు. కాని వారాలు గడిచే కొద్దీ ఆమె ముఖంలో దాగని భావాలకు, పట్టుదలకు దేశం ఆకర్షితమైంది. అక్టోబరు 7న జరిగిన తుదిపోటీ ప్రసారాన్ని 1 కోటి 30 లక్షలకు పైగా జనం చూశారు. చివరి పరీక్షలో ఆమె పెళ్లి కేకు చేసి, దానిని చీర అంచులతో, తన పెళ్లి నగలతో అలంకరించింది. మరుసటి సంవత్సరం ఎలిజబెత్ రాణి 90వ పుట్టినరోజుకు కేకు చేసే గౌరవం ఆమెకు దక్కింది. రుచి తెలియని ప్రేక్షకులే ఆమెను తమ ఇంటి ఆడపడుచుగా స్వీకరించారు. తెలియని వారి పట్ల ద్వేషం ఎంత సులభమో, ఆదరం కూడా అంత సులభమేనని దీనివల్ల తెలుస్తున్నది.

ప్రేక్షకుల విమర్శ కార్యక్రమాన్ని సరిదిద్దిన సందర్భం కూడా ఉన్నది. 2017 నుండి ఈ పోటీ చానల్ 4లో ప్రసారమవుతున్నది. అందులో 2022 అక్టోబరులో ఒక వారాన్ని మెక్సికో వంటకాలకు కేటాయించారు. వ్యాఖ్యాతలు ఆ దేశపు వెడల్పాటి టోపీలు పెట్టుకొని హాస్యమాడారు. ఓవెన్‌తో పని లేని 'టాకో' వంటకాన్ని పరీక్షగా ఇచ్చారు. ఒక జాతి సంస్కృతిని టోపీలకు, వేళాకోళానికి కుదించారని అనేకులు ఆక్షేపించారు. నిర్మాతలు ఆ ఆక్షేపణను విన్నారు. 2023 పోటీలో దేశాల పేరిట వారాలు పెట్టలేదు. ఈ విమర్శ ఎవరి వ్యక్తిత్వాన్నీ వేలెత్తి చూపలేదు, చేసిన పనిలోని లోపాన్ని చూపింది. అందుకే అది ఫలించింది.

ఈ సంఘటనలన్నింటినీ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ప్రేక్షకునికి అభిప్రాయం ఉండటం తప్పు కాదు. అభిప్రాయం లేని ప్రేక్షకుడు గోడతో సమానం. కాని తెర చూపినది ఎంత, చూపనిది ఎంత అన్న వివేచన ఆ అభిప్రాయానికి ముందు ఉండాలి. వంటకాన్ని విమర్శిస్తే వంట బాగుపడుతుంది. వండిన వారిని దూషిస్తే ఎవరికీ మేలు జరగదు. గుడారంలోని ఆ పెద్దావిడకు, ఆమెను నిందించిన వందలాది మందికి మధ్య పరిచయం లేదు. ఆమె చేతి కేకును వారిలో ఎవరూ రుచి చూడలేదు. వారి వద్ద ఉన్నదల్లా కొద్ది క్షణాల దృశ్యం. కేకు ఉడికిందో లేదో తెలుసుకోవడానికి వంట తెలిసిన వారు సన్నని పుల్లను దాని నడుమ దాకా గుచ్చి చూస్తారు. పైపొర ఎర్రగా కాలినంత మాత్రాన లోపల ఉడికిందని వారు నమ్మరు. మనుషులను గూర్చి తీర్పు చెప్పే ముందు కూడా అంతటి జాగ్రత్త అవసరం.