కారు పవర్ యాంటెన్నా

కారులోని రేడియోను వేసినపుడు దానంతట అదే పైకి లేచి, ఆపినపుడు తిరిగి లోపలికి దిగిపోయే యాంటెన్నాను పవర్ యాంటెన్నా అంటారు. దీనిని మోటారు యాంటెన్నా అని కూడా వ్యవహరిస్తారు. 1980, 1990 దశకాలలో జపాను, జర్మనీ, అమెరికా దేశాల కార్లలో ఇది తరచుగా కనిపించేది. మెర్సిడెస్-బెంజ్ డబ్ల్యూ124, లెక్సస్ ఎల్‌ఎస్ 400 ఇందుకు ఉదాహరణలు. 2000 తరువాత అద్దంలో ఇమిడిపోయే యాంటెన్నాలు, పైకప్పు మీద అమర్చే చిన్న 'షార్క్ ఫిన్' యాంటెన్నాలు ప్రచారంలోకి రావడంతో వీటి వాడుక బాగా తగ్గింది. అయితే పాత కారులో కొత్త స్టీరియోను బిగించినపుడు ఈ యాంటెన్నా మొరాయించడం మామూలే. అప్పుడు దోషం మోటారులోనే ఉందని భావించి దానిని మార్చివేయడం కంటె, ముందుగా తీగలను వరుసగా పరీక్షించడం మేలు.

నిర్మాణం

యాంటెన్నా కడ్డీ ఒకదానిలో ఒకటి దూరే సన్నని లోహపు గొట్టాల సముదాయం. దాని కొనకు పళ్ళు గల నైలాన్ తాడు ఒకటి బిగించి ఉంటుంది. మోటారుకు అమర్చిన పళ్ళచక్రం ఈ తాడును పైకి తోసినపుడు కడ్డీ లేస్తుంది, వెనుకకు లాగినపుడు దిగుతుంది. కడ్డీ చివరి స్థానానికి చేరగానే మోటారును ఆపే ఏర్పాటు కూడా ఇందులోనే ఉంటుంది.

ఎఫ్.ఎం. ప్రసారాలు 88 నుండి 108 మెగాహెర్ట్‌జ్‌ల మధ్య ఉంటాయి. వీటి తరంగదైర్ఘ్యం సుమారు 3 మీటర్లు. అందులో నాల్గవ వంతు, అనగా సుమారు 75 సెంటీమీటర్ల పొడవు గల కడ్డీ ఈ తరంగాలను చక్కగా గ్రహిస్తుంది. కడ్డీ పూర్తిగా లేవనపుడు దూరపు కేంద్రాలు సరిగా వినిపించకపోవడానికి కారణం ఇదే.

తీగలు

సాధారణంగా మోటారుకు మూడు తీగలు ఉంటాయి.

* శాశ్వత సరఫరా తీగ: ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీ నుండి 12 వోల్టులు అందుకుంటుంది. తాళంచెవి తీసిన తరువాత కడ్డీ దిగడానికి కావలసిన విద్యుత్తు దీని ద్వారానే వస్తుంది.
* ఎర్త్ తీగ: కారు బాడీకి కలుపుతారు.
* సంకేతపు తీగ: స్టీరియో నుండి వస్తుంది. దీనిలో 12 వోల్టులు ఉన్నంతసేపు కడ్డీ పైన ఉంటుంది, లేనపుడు దిగుతుంది.

రేడియో తరంగాలను స్టీరియోకు చేర్చే కేబుల్ వేరు. దానికి మోటారు సరఫరాతో సంబంధం లేదు.

విడిగా కొనే స్టీరియోలలో సాధారణంగా పసుపు తీగ శాశ్వత సరఫరాకు, ఎరుపు తాళంచెవితో వచ్చే సరఫరాకు, నలుపు ఎర్త్‌కు, నీలం పవర్ యాంటెన్నాకు, నీలం మీద తెల్లచార గలది యాంప్లిఫయరుకు కేటాయిస్తారు. కారు తయారీదారు వాడిన రంగులు ఇందుకు భిన్నంగా ఉండవచ్చు. కనుక రంగును మాత్రమే నమ్మక, మల్టీమీటరుతో కొలిచి నిర్ధారించుకోవాలి.

నీలం తీగ సంకేతం ఇవ్వడానికే గాని మోటారును నడపడానికి కాదు. అనేక స్టీరియోలలో ఇది అర ఆంపియరు లేదా అంతకంటె తక్కువ కరెంటును మాత్రమే భరించగలదు. మోటారుకు కొన్ని ఆంపియర్లు కావాలి. మోటారు సరఫరాను దీనికి కలిపితే స్టీరియోలోని ట్రాన్సిస్టరు కాలిపోయే ప్రమాదం ఉంది. రెండే తీగలుండి, విద్యుత్ దిశను మార్చడం ద్వారా నడిచే పాత మోటార్లకు దిశను మార్చే రిలేల ఏర్పాటు విడిగా అవసరం.

లోపాలను కనుగొనడం

1. శబ్దం గాని, కదలిక గాని లేకపోతే: మొదట ఫ్యూజును చూడాలి. తరువాత రేడియో వేసి ఉంచి, మోటారు ప్లగ్గు వద్ద శాశ్వత సరఫరాను, సంకేతపు తీగను కొలవాలి. రెండింటిలోనూ సుమారు 12 వోల్టులు ఉండాలి. ఉన్నా కదలకపోతే ఎర్త్‌ను అనుమానించాలి. సంకేతం లేనపుడు, ఆ తీగను స్టీరియో నుండి పూర్తిగా విడదీసి, ఫ్యూజు గల తీగతో బ్యాటరీ నుండి 12 వోల్టులు ఇచ్చి చూడాలి. కడ్డీ లేస్తే మోటారు బాగున్నట్లే. దోషం స్టీరియోలోనో, మధ్య తీగలోనో ఉంటుంది. విడదీయకుండా ఈ పరీక్ష చేస్తే స్టీరియో చెడిపోవచ్చు.

2. లేచిన కడ్డీ తాళంచెవి తీస్తే దిగకపోతే: శాశ్వత సరఫరా తీగను పొరపాటున తాళంచెవితో వచ్చే సరఫరాకు కలిపి ఉండవచ్చు. తాళంచెవిని అలాగే ఉంచి రేడియోను మాత్రమే ఆపినపుడు కడ్డీ దిగితే ఈ అనుమానం బలపడుతుంది.

3. ఏ విధంగా ఆపినా దిగకపోతే: సంకేతపు తీగలో విద్యుత్తు ఇంకా ఉందేమో చూడాలి. నీలం తీగ పసుపు తీగతో కలిసిపోయి ఉండవచ్చు. అప్పుడు లోపలి రిలే నిరంతరం పనిచేస్తూనే ఉంటుంది. అది 0.15 ఆంపియరు తీసుకున్నా రోజుకు 3.6 ఆంపియర్-గంటలు ఖర్చవుతాయి. 45 ఆంపియర్-గంటల బ్యాటరీ నుండి పది రోజులలో 36 తరిగిపోతాయి. కదలక నిలిపిన కారు స్టార్టు కాకపోవడానికి ఇది కారణం కాగలదు.

4. సీడీ వేయగానే దిగిపోతే: ఇది లోపం కాదు. చాలా స్టీరియోలలో నీలం తీగ రేడియో పనిచేసేటపుడే సంకేతం ఇస్తుంది.

5. మోటారు తిరుగుతున్న శబ్దం వచ్చినా కడ్డీ కదలకపోతే: నైలాన్ తాడు తెగి ఉండవచ్చు, లేదా పళ్ళు అరిగి ఉండవచ్చు. అనేక నమూనాలలో మోటారును మార్చనవసరం లేకుండా తాడుతో కూడిన కడ్డీని మాత్రమే మార్చవచ్చు.

6. పూర్తిగా లేచినా రేడియో సరిగా వినిపించకపోతే: కేబుల్ ప్లగ్గు వదులైందేమో, యాంటెన్నా అడుగుభాగం కారు బాడీని తాకేచోట తుప్పు పట్టిందేమో చూడాలి.

జాగ్రత్తలు

తీగలను కలిపే ముందు బ్యాటరీ నెగెటివ్ కొనను విప్పాలి. అయితే కొన్ని పాత స్టీరియోలు బ్యాటరీ తీసిన తరువాత రహస్య సంఖ్యను నమోదు చేస్తేగాని పనిచేయవు. ఆ సంఖ్య దగ్గర ఉన్నదీ లేనిదీ ముందే చూసుకోవాలి. కాలిపోయిన ఫ్యూజు స్థానంలో అంతకంటె ఎక్కువ ఆంపియర్లది వేయరాదు. అలా చేస్తే ఫ్యూజుకు బదులు తీగే వేడెక్కి కాలుతుంది. కడ్డీని అప్పుడప్పుడు పొడిగుడ్డతో తుడిచి శుభ్రంగా ఉంచితే తాడు మీద భారం తగ్గి మోటారు ఎక్కువకాలం మన్నుతుంది.