మొనగల మాటలు

‘వాడు నన్ను పొడిచినాడు’ అని ఒకడు న్యాయస్థానమున వాఙ్మూలమిచ్చెననుకొనుడు. తెలుగు తెలిసినవానికి ఇందు కష్టమేమియు లేదు. కత్తితోనా, కఱ్ఱతోనా, వేలితోనా అనునది ముందువెనుకల మాటలనుబట్టి బోధపడును. కాని ఆ వాక్యమునే ఆంగ్లమునకు మార్చువాని కలము అచ్చట ఆగవలసివచ్చును. ‘పొడుచు’ అను క్రియకు అన్నిచోట్ల సరిపోవు మాట ఆంగ్లమున లేదు. పొడిచిన వస్తువునుబట్టియు, పొడిచిన తీరునుబట్టియు అచ్చట మాట మారిపోవును.

కత్తితో పొడిచినచో అది ‘స్టాబ్’. వేలితోనో, కఱ్ఱకొనతోనో పొడిచిన ‘పోక్’. ఎద్దు కొమ్ముతో పొడిచిన ‘గోర్’. కోడి ముక్కుతో పొడిచిన ‘పెక్’. పచ్చబొట్టు పొడిచిన ‘టాటూ’. ఈ మాటను 18వ శతాబ్దమున నావికులు పాలినీషియా దీవులనుండి తెచ్చుకొనిరి. పొద్దు పొడుచుట దగ్గరకు వచ్చుసరికి ఆంగ్లేయుడు మొన సంగతియే మఱచి, సూర్యుడు ‘లేచె’ననును. తెలుగు రైతు కంటికి మాత్రము సూర్యుడు నేలను చీల్చుకొని వచ్చు మొలకవలె పొడుచుకొని వచ్చును.

ఈ భేదము నిఘంటువులతో ముగియునది కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 324వ సెక్షను, కాల్చుటకో పొడుచుటకో కోయుటకో పనికివచ్చు సాధనముతో గాయపఱచుటను వేఱు నేరముగా ఎంచినది. అందలి ఆంగ్లపదము ‘స్టాబింగ్’. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షనులోను ఆ మాటయే నిలిచినది. సాధారణముగా గాయపఱచిన నేరమునకు కారాగారశిక్ష ఒక సంవత్సరమును మించదు. అట్టి సాధనముతో గాయపఱచినచో 3 సంవత్సరముల వరకు పడవచ్చును. వేలితో పొడిచినవానిని గూర్చి అనువాదకుడు ‘స్టాబ్’ అని వ్రాసెనా, ఒక మనుష్యుని జీవితమున రెండు సంవత్సరములు ఒక క్రియాపదముపై వ్రేలాడును. కత్తిపోటును ‘పోక్’ అని వ్రాసెనా, పోటు తిన్నవానికి అన్యాయము జరుగును.

వైద్యులును ఈ విషయమున మిక్కిలి జాగ్రత్త వహింతురు. పైకి కనబడు పొడవుకంటె లోతు హెచ్చుగానున్న గాయము వారికి ‘స్టాబ్’ గాయము; లోతుకంటె పొడవు హెచ్చైనచో అది కోతగాయము. సూదికొన తగిలినంత మాత్రమైన ‘ప్రిక్’. చొచ్చుకొని లోనికి పోయిన ‘పియర్స్’. లోని గాలి బయటికి పోవునట్లు రంధ్రము పడిన ‘పంక్చరు’. ఈ కడపటి మాటకు సైకిలు చక్రమే తెలుగునాట ఊరూర ప్రచారము చేసినది.

అయినను రెండు భాషలు కలిసికొను చోటులు లేకపోలేదు. తెలుగున తేలు కుట్టును, చెవులు కుట్టింతురు, రవిక కుట్టుదురు. ఆంగ్లమున ఈ మూడింటికి మూడు మాటలు: ‘స్టింగ్’, ‘పియర్స్’, ‘సో’. కాని కుట్టుపనిలోని ‘స్టిచ్’ అను పదమునకు ప్రాచీనాంగ్లమున పోటు అనియే అర్థము. పరుగెత్తినవానికి డొక్కలో వచ్చు పోటును నేటికిని వారు ‘స్టిచ్’ అనియే అందురు. సూది చేతబట్టినవారి అనుభవము ఏ దేశమునందైనను ఒక్కటియే కదా!

లాటిన్ భాషనుండి వచ్చిన మాటల తీరు వేఱు. అందు ‘పుంగెరె’ అనగా గ్రుచ్చుట. ముక్కును గ్రుచ్చు ఘాటును తెలుపు ‘పంజెంట్’, హృదయమును గ్రుచ్చు శోకమును తెలుపు ‘పాయ్‌న్యంట్’, తప్పు చేసినవానిని లోలోపల గ్రుచ్చు ‘కంపంక్షన్’ దానినుండియే పుట్టినవి. శాసనసభలలో వినవచ్చు ‘ఎక్స్‌పంజ్’ కూడ ఆ కుటుంబములోనిదే. తొలగింపవలసిన పేరునకు చుక్కలు పొడిచి గుర్తుపెట్టుట దాని మొదటి అర్థము. ‘స్టిమ్యులస్’ అనగా రోమను రైతు చేతిలోని ములుగఱ్ఱ. నేడు ఆర్థికవేత్తలు ఆ మాట వాడునపుడు ఎద్దు ఎవరికిని జ్ఞాపకము రాదు. ఇన్ని శతాబ్దముల వాడుకలో ఈ మాటల మొనలు అరిగిపోయినవి. తెలుగున ‘సూటిపోటి మాటలు’ అన్నచో పోటు నేటికిని తెలియుచునే యున్నది.

కావున ఆంగ్లమునకు మార్చువాడు నిఘంటువు తెఱచుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుట మేలు: దేనితో పొడిచినాడు? ఎంత లోతున దిగినది? గ్రుచ్చుకొన్నది మేనిలోనా, మనసులోనా? వీనికి సమాధానము దొరకినచో సరియైన మాట తానే ముందుకు వచ్చును. దొరకనిచో వాఙ్మూలమిచ్చినవానిని తిరిగి అడుగుట తప్పు కాదు. అడుగక ఊహించి వ్రాయుటయే తప్పు. ఆ ఊహకు శిక్ష అనుభవించువాడు అనువాదకుడు కాడు.