సంఘం నుంచి వేదం దాకా చిన్నగూడూరు బిడ్డ

తొర్రూరు: ‘సంఘపోడు వేదం రాసుడేంది?’ దాశరథి రంగాచార్య సంగతి మొదటిసారి విన్న వారెవరికైనా వచ్చే అనుమానమే ఇది. ఈ విలేకరికీ వచ్చింది.

తొర్రూరు నుంచి ఖమ్మం రోడ్డున పోతే మరిపెడ వస్తుంది. చిన్నగూడూరు ఆ పక్కనే. పాత వరంగల్ జిల్లాలోని ఆ ఊరు 2016 నుంచి మన తొర్రూరు లాగే మహబూబాబాద్ జిల్లాలో ఉంది. 1928లో రంగాచార్య పుట్టింది అక్కడే. మహాకవి దాశరథి కృష్ణమాచార్య ఆయనకు స్వయానా అన్న. తండ్రి సంస్కృత పండితులు. ఇంట్లో వైష్ణవ ఆచారం, గడప దాటితే గడీ, వెట్టిచాకిరి.

1944లో భువనగిరి ఆంధ్ర మహాసభ తరువాత అణా సభ్యత్వంతో సంఘం ఊరూరికీ పాకింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొరకు వదలనన్నది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఇవన్నీ మన చుట్టుపక్కల ఊళ్లే. ఆ రోజుల్లోనే అన్నదమ్ములిద్దరూ నిజాం మీద తిరగబడ్డారు. అన్న జైలు పాలైతే తమ్ముడు కమ్యూనిస్టుల వెంట పోరాటంలోకి దిగాడు. పండితుల ఇంటి పిల్లవాడు దేవుణ్ణి నమ్మని పార్టీ వెంట నడవడం ఆనాడు చిన్న విషయం కాదు.

తరువాత రాసిన నవల పేరే ‘చిల్లర దేవుళ్లు’. ఆ దేవుళ్లు గుడిలో వారు కాదు, ఊరి మీద పెత్తనం చేసిన దొరలు, కరణాలు. ఆడబాపల బతుకు ఎట్లా ఉండేదో ఈ తరానికి తెలియాలంటే ఆ పుస్తకం చదవాల్సిందే. అది సినిమాగా కూడా వచ్చింది. పోరాట కాలాన్ని ‘మోదుగుపూలు’లో చెప్పారు.

అటువంటి మనిషి రామాయణాన్ని, భారతాన్ని తేట వచనంలో రాసి, నాలుగు వేదాలనూ తెలుగు చేశారు. మారిపోయాడనే వారున్నారు, దారికొచ్చాడనే వారున్నారు. రెండూ సగం మాటలే. శాస్త్రాలను దులిపేసిన చలం 1950లో అరుణాచలం వెళ్లి, 1979లో కన్నుమూసే దాకా అక్కడే ఉండిపోయారు. ఆయన తన పాత లోకాన్ని విడిచిపెట్టారు. రంగాచార్య అట్లా విడవలేదు. పోరాటం రోజులను ‘జీవనయానం’ అనే ఆత్మకథలో దాచకుండా రాసుకున్నారు.

ఒకప్పుడు శూద్రులు, స్త్రీలు వేదం వినరాదన్నారు. ఆ వేదాన్ని వెట్టి చేసినవాడి మనుమడు సైతం చదువుకునే తెలుగులో పెట్టడం గడీ తలుపు తెరవడం వంటిదే. మన పక్కనున్న బమ్మెర పోతన భాగవతాన్ని తెలుగులోకి తెచ్చిన నేల కదా ఇది!

అయితే ఆ శాస్త్రాల పేరు చెప్పే కదా కులం కట్టుబాట్లను నిలబెట్టారని యువకులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. తెలుగులోకి వచ్చినంత మాత్రాన దానికి జవాబు దొరకదు. పైగా తెలుగైనా వేదం వేదమే, నాలుగు పేజీలు తిప్పి మూసినవాళ్లలో ఈ విలేకరి ఒకడు.

రంగాచార్య 2015 జూన్ 8న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆయన తెలుగు చేసిన వేదం పుస్తకం ఒకటి ఈ విలేకరి ఇంట్లో ‘చిల్లర దేవుళ్లు’ పక్కనే అలమారలో ఉంది. దాన్ని దేవుడి గూట్లో పెట్టాలని మా నాయన పట్టు. పెడితే ఇక ఎవరూ తెరవరని నా వాదన. ఇంకా తేలలేదు.