సెల్ఫ్ కొట్టినా చెదరని 5 వోల్టులు

బయ్యారంలో నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడొకడు కిరాయి ట్రాక్టరుకు గంటల లెక్క చూపే బోర్డు చేశాడు. 12 వోల్టుల బ్యాటరీ, 7805 రెగ్యులేటరు, చిన్న తెర. బల్ల మీద చక్కగా నడిచింది. ట్రాక్టరుకు తగిలించి సెల్ఫ్ కొట్టగానే లెక్క సున్నాకొచ్చింది.

"బ్యాటరీ కొత్తదే గద సార్, ఎందుకిట్లయితుంది?"

ముల్లు మీటరు పెట్టాం. సెల్ఫ్ మోటారు తిరిగినప్పుడు బ్యాటరీ 6.5 దాకా జారుతోంది. కావలసింది 5, ఉన్నది 6.5. అయినా చాలలేదు!

జవాబు మా పెద్దచెరువు తూము దగ్గర దొరుకుతుంది. కాకతి మైలాంబ తవ్వించిన చెరువది. చెరువు నిండినా తగ్గినా కాలువలో నీరు ఒకే మట్టాన ఉండాలంటే, ఒకడు కాలువను చూస్తూ తూము తలుపు ఎత్తుతూ దించుతూ ఉండాలి. రెగ్యులేటరులో ఆ తలుపు ఒక ట్రాన్సిస్టరు, చూసే కన్ను ఒక యాంప్లిఫయరు. చెరువు మట్టం కాలువ దాకా దిగితే తలుపు పూర్తిగా ఎత్తినా లాభం లేదు. రెంటి మధ్య కనీసం ఉండాల్సిన ఆ తేడాయే డ్రాపౌట్.

7805లో తలుపు ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టరు. అది తెరుచుకోవాలంటే బేస్ అవుట్‌పుట్ కన్నా ఎత్తున ఉండాలి. డార్లింగ్టన్ జంట కనుక 0.7 చొప్పున రెండుసార్లు, దాన్ని నడిపే భాగానికి ఇంకాస్త. మొత్తం సుమారు 2 వోల్టులు. అంటే బ్యాటరీ 7 కన్నా తగ్గకూడదు.

తక్కువ డ్రాపౌట్ రెగ్యులేటరులో, అంటే ఎల్‌డీఓలో, తలుపును తిరగేశారు. పీఎన్‌పీ ఎమిటరు బ్యాటరీ వైపుంటుంది, కాబట్టి బేస్‌ను నేల వైపు లాగితే చాలు. పైకెత్తడానికి వోల్టేజీ వెతుక్కోనక్కర్లేదు, కిందికి లాగడానికి నేల ఎప్పుడూ ఉంది! ఎన్నిసార్లు గీసి చూపించినా నాకు తనివి తీరని చోటు ఇదే. అర వోల్టు తేడా ఉన్నా పని జరిగిపోతుంది.

నేషనల్ సెమీకండక్టర్ వాళ్ల ఎల్‌ఎం2931 వాహనాల కోసమే పుట్టింది. బ్యాటరీ వైర్లు తారుమారు చేసినా తట్టుకుంటుంది. ఇంజన్ నడుస్తుండగా టెర్మినల్ ఊడితే ఆల్టర్నేటరు విసిరే 60 వోల్టుల దెబ్బకు తనే మూసుకుని, వెనకున్న బోర్డును కాపాడుతుంది. తర్వాత పీఎన్‌పీ స్థానంలో మాస్‌ఫెట్ వచ్చింది, ఎల్‌డీఓలు సెల్‌ఫోన్లలోకీ చేరాయి.

కుర్రాడు ఎల్‌ఎం2931 వేశాడు. తెర వణికింది. అవుట్‌పుట్ దగ్గర పాత 10 మైక్రోఫారడ్ల కెపాసిటరే ఉంచేశాడు. ఈ తిరగేసిన తలుపు ఊగకుండా ఉండాలంటే 100 కావాలి. మార్చి, మళ్లీ సెల్ఫ్ కొట్టాడు. హెడ్‌లైట్లు మసకబారి మళ్లీ వెలిగాయి. తెర మీద అంకె కదల్లేదు.